కారు కిందికి దించి నాలుగేళ్లు, 58,000 కిలోమీటర్లు: కుదుపుల సంగతి, టైర్ల సంగతి

కారు లిఫ్ట్ మీదికి లేస్తే గానీ నాకు ఆ సంగతి తెలియలేదు. వెళ్లింది ఆయిల్ మార్పించడానికి. ఎడమ వెనక టైరు లోపలి అంచున రబ్బరంతా పోయి తీగలు బయటికొచ్చేశాయి. ముందు రోజే ఆ టైర్లతో హైవే మీద మూడు గంటలు నడిపాను. పక్కన నిలబడి చూస్తే కనిపించే బయటి వైపు మాత్రం ట్రెడ్ ఇంకా 5 మి.మీ. ఉంది. టైర్లు వేయించి 11,000 కిలోమీటర్లు కూడా కాలేదు.

కారు మాజ్దా ఎంఎక్స్-5, 2015లో అమ్మకానికొచ్చిన నాలుగో తరం. సస్పెన్షన్ ముందు డబుల్ విష్‌బోన్ రకం, వెనక మల్టీలింక్ రకం, 205/45 ఆర్17 టైర్లు. కంపెనీ సస్పెన్షన్‌తోనే బాగా నడిచేది. కానీ చక్రానికీ ఫెండర్‌కీ మధ్య ఉన్న ఖాళీ నా కంటికి నచ్చలేదు. సస్పెన్షన్ మార్చి కారు ఎత్తు తగ్గించడానికి, అంటే దించడానికి, అసలు కారణం అదే. మూల మలుపుల్లో పట్టు పెరుగుతుందని అందరికీ చెప్పాను, నాకూ చెప్పుకున్నాను. అందం కోసమేనని ఇప్పుడు ఒప్పుకోవడానికి ఇబ్బందేమీ లేదు.

వేయించినది ఎత్తు, డ్యాంపింగ్ (షాక్ అబ్జార్బర్ ఊపుని ఆపే బిగుతు) రెండూ మార్చుకోగల కాయిలోవర్ కిట్, అంటే స్ప్రింగూ షాకూ కలిసి ఉండే సెట్. స్ప్రింగులు ముందు 8 కేజీ/మి.మీ., వెనక 5. డ్యాంపింగ్ నాబ్‌కి 24 క్లిక్కులు. మొదట 30 మి.మీ. దించి, అదే రోజు వీల్ అలైన్‌మెంట్ చేయించాను. రెండు వారాలకు స్ప్రింగులు సర్దుకున్నాయి. అయినా నా కంటికి తృప్తి లేదు. ఒక ఆదివారం జాకీ ఎత్తి, నేనే ఇంకో 10 దించేశాను. మళ్లీ అలైన్‌మెంట్ చేయించలేదు. పది మిల్లీమీటర్లకే ఏం మారిపోతుందిలే అనుకున్నాను.

ఆ పది మిల్లీమీటర్ల ఖరీదు రెండు టైర్లు. దాదాపు ఏడాది పాటు నడుము నొప్పి కూడా కలిపితే లెక్క సరిపోతుంది.

టైర్ల సంగతి ముందు చెప్తాను. తీగలు చూడగానే అక్కడి కుర్రాడు, "క్యాంబర్ ఎక్కువైంది సార్, దించిన కార్లన్నీ ఇంతే, లోపల తినేస్తాయి" అన్నాడు. ఎక్కడ అడిగినా ఇదే మాట వస్తుంది. సగం నిజం కూడా. దించిన కొద్దీ చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, ఆ వాలునే క్యాంబర్ అంటారు. నా వెనక చక్రాలు మైనస్ 2.4 డిగ్రీలకు చేరాయి. కానీ క్యాంబర్ ఒక్కటే అయితే ట్రెడ్ లోపలి వైపుకి ఏటవాలుగా, నున్నగా అరగాలి. నా టైరు అలా లేదు. అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా బయటి నుంచి లోపలికి జరిపితే నున్నగా పోయింది. అదే చేతిని వెనక్కి లాగితే ప్రతి బ్లాకు అంచూ గోటికి తగిలింది. చేప పొలుసుని తోక వైపుకి నిమిరితే ఒక తీరు, తల వైపుకి నిమిరితే ఒక తీరు ఉంటుంది చూడండి, అచ్చం అలాగే. టైరు దొర్లుతూనే పక్కకి ఈడ్చుకుపోతున్నప్పుడు పడే గుర్తు అది. అంటే టో: పైనుంచి చూస్తే చక్రం ముఖం నేరుగా కాకుండా లోపలికో బయటికో తిరిగి ఉండటం.

మెషీన్ మీద పెడితే వెనక ఒక్కో చక్రం 0.35 డిగ్రీల టో-ఇన్ (ముందు అంచు లోపలికి తిరగడం) చూపించింది. వినడానికి ఎంత చిన్న అంకె! లెక్క వేస్తే చక్రం కిలోమీటరు ముందుకెళ్లేలోపు ఆరు మీటర్లు అడ్డంగా రాసుకుపోతోందన్నమాట. 11,000 కిలోమీటర్లకి 67 కిలోమీటర్లు. టో-ఇన్ అయితే బయటి అంచు కదా అరగాలి అని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. నా కారులో క్యాంబర్ వల్ల బరువంతా లోపలి అంచు మీద ఉంది. రాపిడి కూడా అక్కడే పడింది. క్యాంబర్ చోటు చూపిస్తే టో తినేసిందన్నమాట.

దించడానికి ముందు ఎవరైనా నాకు ఈ ఒక్క మాట చెప్పుంటే బాగుండేది: ఎత్తు మారితే టో మారుతుంది. చక్రాన్ని పట్టుకున్న ఆర్మ్‌లు ఒక్కొక్కటి ఒక్కో పొడవు, పైకీ కిందికీ కదిలేటప్పుడు ఒక్కోటి ఒక్కో చాపం గీస్తుంది. అందుకే చక్రం పైకి జరిగిన కొద్దీ దాని ముఖం కూడా తిరుగుతుంది. ఎత్తు ఎన్నిసార్లు మారిస్తే అన్నిసార్లు అలైన్‌మెంట్. మినహాయింపు లేదు.

అలైన్‌మెంట్ దగ్గర ఇంకో ముచ్చట. "అంతా గ్రీన్‌లోనే ఉంది సార్" అంటారు. కంపెనీ ఇచ్చిన హద్దుల్లో ఉందని మాత్రమే ఆ ఆకుపచ్చకి అర్థం, ఆ హద్దులేమో చాలా వెడల్పు. ఎడమ చక్రం ఒక చివరా, కుడి చక్రం ఇంకో చివరా ఉన్నా స్క్రీన్ మీద గ్రీనే. ఇప్పుడు నేను అంకెలు కాగితం మీద రాసుకెళ్తాను. ముందు: క్యాంబర్ మైనస్ 1.5, టో సున్నా. వెనక: మైనస్ 1.6, టో-ఇన్ ఒక్కో చక్రానికి 0.1. వెనక టో పూర్తిగా సున్నా చేసి కూడా చూశాను. హైవే మీద లేన్ మారినప్పుడల్లా కారు తోక కాస్త జంకినట్టు అనిపించింది. ఆ కొంచెం టో-ఇన్ ఉంటేనే మనసు నిమ్మళంగా ఉంటుంది. పెట్రోలు సగం ట్యాంకు, డ్రైవర్ సీట్లో నా అంత బరువు పెట్టించి మరీ సెట్ చేయిస్తాను. టన్ను చిల్లర ఉండే రెండు సీట్ల కారులో మనిషి బరువు చిన్నదేం కాదు.

ఇక కుదుపుల సంగతి. ఇక్కడే నేను ఎక్కువ కాలం తప్పుదారిలో తిరిగాను.

స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెన్నెముకలోకి గునపం దించినట్టుండేది. చిన్న అతుకుల మీద కూడా కారు గెంతేది. నా భార్య రెండు నెలలు ఓపిక పట్టి, తర్వాత కాఫీ గ్లాసు చేతిలో ఉన్నప్పుడు ఆ కారెక్కనని తేల్చి చెప్పింది. స్ప్రింగులు గట్టివి కాబట్టే ఇలా ఉందనుకున్నాను. మెత్తబరుద్దామని టైర్లలో గాలి 29 నుంచి 25 పీఎస్‌ఐకి దించాను. స్టీరింగ్ బద్ధకించింది, ముందు టైర్ల రెండు భుజాలూ అరగడం మొదలైంది, కుదుపు మాత్రం ఎక్కడికీ పోలేదు. డోర్ దగ్గరి స్టిక్కర్ మీదున్న 29కే మళ్లీ వచ్చాను.

దారి చూపించింది ఒక చిన్న ప్లాస్టిక్ జిప్ టై. షాక్ రాడ్ మీద దాన్ని బిగుతుగా కట్టి కిందికి జరిపి వదిలేశాను. షాక్ ఎంత లోపలికి దిగితే అది అంత పైకి నెట్టుకుపోతుంది. రోజూ తిరిగే దారిలోనే ఒక రౌండు వేసి వచ్చి చూస్తే జిప్ టై బంప్ స్టాప్‌లోకి, అంటే షాక్ అట్టడుగుకి దిగకుండా అడ్డుపడే రబ్బరు ముద్దలోకి, దూరి ఇరుక్కుపోయి ఉంది. కారు నిలబడి ఉన్నప్పుడు బంప్ స్టాప్ దాకా రాడ్‌కి మిగిలిన ఖాళీ కొలిస్తే 14 మి.మీ. అంతే. అంటే నేను స్ప్రింగు మీద కాదు, రబ్బరు ముద్ద మీద ప్రయాణం చేస్తున్నాను. దాని గట్టిదనం ముందు 8 కేజీల స్ప్రింగు దూది.

ఎందుకిలా అయిందో వెతికితే మళ్లీ నా ఆదివారమే బయటపడింది. ఈ కిట్‌లో ఎత్తు రెండు చోట్ల మార్చొచ్చు. షాక్ కింది బ్రాకెట్‌ని మరపై తిప్పితే షాక్ మొత్తం పొడవు మారుతుంది, లోపలి ట్రావెల్ (రాడ్ కదలగల దూరం) అలాగే ఉంటుంది. స్ప్రింగు కూర్చునే రింగుని దించితే కారు దిగుతుంది కానీ దిగిన ప్రతి మిల్లీమీటరూ ట్రావెల్‌లోంచే పోతుంది. కింది లాక్ నట్ దగ్గరికి స్పానర్ సరిగ్గా దూరలేదని నేను ఆ పై రింగే తిప్పాను. ఆ రోజు జాకీ మీద ఉండగా స్ప్రింగు వదులై చేత్తో తిప్పితే తిరిగింది. గుంతల్లో టకటకమన్న చప్పుడు కూడా దానిదే. అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

రింగు 15 మి.మీ. పైకి తిప్పి, స్ప్రింగు గట్టిగా కూర్చున్నాక రెండు మూడు మిల్లీమీటర్లు బిగించి, మిగతా ఎత్తు కింది బ్రాకెట్‌తో సరిచేశాను. రింగు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని ఒక నమ్మకం ఉంది. మామూలు సమాన చుట్ల స్ప్రింగుకి అది వర్తించదు. 8 కేజీలది 8 కేజీలే, మారేది ఎత్తు. మొత్తం మీద కారు ఇప్పుడు అసలు ఎత్తు కంటే 22 మి.మీ. మాత్రమే కింద ఉంది. కొలత నేల నుంచి కాదు, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుకి తీసుకుంటాను. లేకపోతే టైరు అరుగుదల కూడా లెక్కలోకి దూరుతుంది.

అదే సాయంత్రం నడిపి చూశాను. స్ప్రింగులు అవే, టైర్లు అవే, సీటు అదే. స్పీడ్ బ్రేకర్ దిగాక ఇంకో దెబ్బ కోసం పళ్లు బిగబట్టి ఎదురుచూశాను. అది రాలేదు.

తర్వాత డ్యాంపింగ్. గట్టి వైపు నుంచి ఆరో క్లిక్కు దగ్గర ఏడాది పాటు నడిపాను, స్పోర్ట్స్ కారు అంటే అలాగే ఉండాలనుకుని. సిమెంటు రోడ్డు మీద వరసగా అతుకులొచ్చినప్పుడు మొదటి రెండూ బాగానే ఉండేవి, ఐదో అతుకు నుంచి కారు చెక్క మొద్దులా తయారయ్యేది. రీబౌండ్ (షాక్ తిరిగి చాపుకునేటప్పటి బిగుతు) ఎక్కువైతే జరిగేదిదే. ఒక కుదుపుకి లోపలికి దిగిన చక్రం తిరిగి కిందికి చాపుకునేలోపే రెండోది వచ్చేస్తుంది. కారు అంచెలంచెలుగా కిందికి కూరుకుపోయి చివరికి మళ్లీ ఆ రబ్బరు ముద్ద మీదే కూర్చుంటుంది. గట్టిగా ఉందంటే స్ప్రింగు మార్చాలి అని పరిగెత్తే ముందు నాబ్‌ని నాలుగు క్లిక్కులు వదులు చేసి చూడండి. నేను ఒకే రెండు కిలోమీటర్ల రోడ్డు మీద, గంటకి 60 దగ్గర, రెండేసి క్లిక్కులు మారుస్తూ పోయాను. పదహారు దగ్గర ఆగాను. ఇరవై దాటితే పెద్ద ఎత్తుల మీద కారు పడవలా రెండుసార్లు ఊగుతుంది, అది ఇంకో తలనొప్పి.

రెండో ఏడాది చివర్లో ముందు స్ప్రింగులు 8 నుంచి 6కి మార్చాను. కారు ముందు భాగం తల ఊపుతున్నట్టు ఉండేది, దాని కోసం. ముందు భాగం వెనక కంటే నెమ్మదిగా ఊగితే ఊపు త్వరగా సర్దుకుంటుందన్నది 1930లలో జనరల్ మోటార్స్‌లో ఇంజనీరు మారిస్ ఓలీ తేల్చిన విషయం. నా కిట్‌లో అది తలకిందులుగా ఉన్నట్టనిపించింది. తల ఊపడం తగ్గింది. కానీ స్ప్రింగు గట్టిదనం పావు వంతు తగ్గిస్తే ఊగే వేగం తగ్గేది 13 శాతమే, అది వర్గమూలం లెక్క. పైగా మెత్తటి స్ప్రింగు మీద కారు ఇంకాస్త దిగింది, మళ్లీ రింగులు పెంచుకోవాల్సి వచ్చింది, మళ్లీ అలైన్‌మెంట్. ఖర్చుకి తగిన ఫలితమా అంటే, ట్రావెల్ సరిచేసినప్పుడు వచ్చిన తేడాలో ఇది మూడో వంతు కూడా కాదు.

పైసా ఖర్చు లేకుండా మేలు చేసింది ఆర్మ్‌ల కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల పని. కారు గాల్లో ఉండగా ఆర్మ్ బోల్టులు బిగిస్తే రబ్బరు బుష్ ఆ భంగిమలోనే పట్టుకుపోతుంది. కారు నేల మీదికి దిగాక రోజంతా మెలిపడే ఉంటుంది. అది అదనపు స్ప్రింగులా పనిచేస్తుంది, తొందరగా చిరిగిపోతుంది కూడా. చక్రాల కింద ర్యాంపులు పెట్టి, బరువు నేల మీద ఉండగా బోల్టులన్నీ వదులు చేసి మళ్లీ బిగించాను. చిన్న చిన్న గరుకు రోడ్ల మీద తేడా తెలిసింది. హెడ్‌లైట్లు కూడా ఒకసారి సరిచూసుకోండి, ముందు వైపు దిగితే వెలుగు కాళ్ల దగ్గరే పడుతుంది.

రిమ్ 16 అంగుళాలకి మార్చి 205/50 వేసుకున్నాను. సైడ్‌వాల్ 92 నుంచి 102 మి.మీ. దాకా పెరిగింది, మొత్తం టైరు వ్యాసం మాత్రం 5 మి.మీ.నే తగ్గింది. అంచులు పదునుగా ఉన్న గుంతల్లో ఈ పది మిల్లీమీటర్ల రబ్బరు చేసే మేలు ఏ నాబూ చేయదు. చూడ్డానికి 17 బాగుంటుంది, కాదనను.

నచ్చనివి ఉన్నాయి. చల్లటి ఉదయాల్లో మొదటి రెండు మూడు కిలోమీటర్లు షాకుల్లో నూనె చిక్కగా ఉండి కారు బిగుసుకుపోయి ఉంటుంది. మరల్లో మట్టి చేరితే రింగులు కదలవు, ఏడాదికోసారి బ్రష్‌తో రుద్ది గ్రీజు పూయాల్సిందే. మలుపుల్లో 40 దించినప్పటి కంటే 22 దగ్గరే కారు తక్కువ ఒరుగుతోందంటే నా స్నేహితులు నమ్మరు. మరీ దించితే రోల్ సెంటర్ (కారు ఒరిగేటప్పుడు దేని చుట్టూ తిరుగుతుందో ఆ ఊహా బిందువు) బరువు కేంద్రం కంటే ఎక్కువగా కిందికి పోతుంది, ఒరిగించే మీట పొడవు పెరుగుతుంది. అదీగాక నా కారు అప్పట్లో మలుపు మధ్యలో బంప్ స్టాప్‌కి తగిలి ఒక్కసారిగా పట్టు వదిలేది.

ఇప్పుడున్న వెనక టైర్లు 26,000 కిలోమీటర్లు తిరిగాయి. పోయిన వారం కొలిస్తే బయట 3.9, మధ్యలో 3.8, లోపల 3.4 మి.మీ. కుడి వెనక షాక్ రాడ్ చుట్టూ మాత్రం నూనె చెమ్మ కనిపించింది. తుడిచి, కొత్త జిప్ టై కట్టి వచ్చాను. నెల తర్వాత మళ్లీ తడి ఉంటే వెనక రెండు షాకులూ విప్పి సర్వీసుకి పంపాలి.