కిటికీ అద్దాన్ని పొడిచే పిట్ట: పరదా, గద్ద స్టిక్కర్, సబ్బు... ఏది మేలు?

పొద్దున్నే కిటికీ మీద టకటకా చప్పుడు. చూస్తే ఓ పిట్ట అద్దాన్ని ముక్కుతో పొడిచి, రెక్కలు కొట్టుకుంటూ కిందికి జారి, మళ్లీ ఎగిరొచ్చి పొడుస్తుంటుంది. అది లోపలికి రావాలని తిప్పలు పడుతోందని కొందరు, ఏదో శకునమని కొందరు అనుకుంటారు. నిజానికి దానికి మన ఇంటితో పనే లేదు. గూడు కట్టే కాలంలో హార్మోన్లు పెరిగి, తన హద్దులోకి వచ్చిన సాటి పక్షిని తరిమేయాలన్న పట్టుదల వస్తుంది. అద్దంలో కనిపించేది తన నీడేనని తెలియదు. ఈ గొడవ ఎక్కువగా మగవాటిదే, ఆడవీ అప్పుడప్పుడు చేస్తాయి.

2008లో వెలువడిన ఒక జర్మన్ పరిశోధనలో, గొంతు కింద రంగు స్టిక్కర్ అంటించిన కొన్ని మాగ్‌పైలు (కాకి కుటుంబానికి చెందిన పక్షులు) అద్దంలో చూసుకుని దాన్ని గీక్కునే ప్రయత్నం చేశాయి, అంటే అద్దంలోది తామేనని గుర్తుపట్టినట్టే. అంత తెలివి పక్షుల్లో అరుదు. మామూలు పిట్టకు అద్దంలోది శత్రువే. పైగా అసలు శత్రువైతే కాసేపటికి పారిపోతుంది. ఇది మాత్రం ఎంత పొడిస్తే అంతా తిరిగి పొడుస్తుంది. అందుకే రోజుల తరబడి సాగుతుంది.

అందరూ మొదట చేసేది లోపల పరదా వేయడం. నా లెక్కలో ఇదే అన్నిటికన్నా దండగ. బయట వెలుతురు, లోపల చీకటి ఉంటేనే గాజు అద్దంలా మారేది. ముదురు రంగు పరదా వేస్తే నీడ ఇంకా స్పష్టంగా పడుతుంది. లేత రంగుది గాజుకు ఆనించి వేస్తే కాస్త నయం, అంతే.

గద్ద బొమ్మ స్టిక్కర్ చూడ్డానికి బాగుంటుంది. కానీ కదలని గద్దకు పిట్ట ఎన్నాళ్లు భయపడుతుంది? స్టిక్కర్ పక్కనున్న ఖాళీలో నీడ కనిపిస్తూనే ఉంటుంది, అక్కడ పొడుస్తుంది. ప్లాస్టిక్ గుడ్లగూబదీ అదే కథ.

పనిచేసేది గాజు బయటి వైపు మరుగు చేయడం. పాత దుప్పటి, న్యూస్‌పేపర్, వల, ఏదైనా సరే. నన్నడిగితే సబ్బు బిళ్లే మేలు. పొడిగానే గాజుకు మందంగా రుద్దితే తెల్లటి పొర పట్టి నీడ పోతుంది, గదిలోకి వెలుతురు మాత్రం వస్తుంది. వాన పడితే కరిగిపోతుంది, మళ్లీ రుద్దాలి. చాలిందో లేదో తెలియాలంటే, పిట్ట వచ్చే వేళకే బయటికెళ్లి, అది వాలే చోట తల పెట్టి చూడండి. మీ ముఖం కనిపిస్తుంటే దానికీ దాని ముఖం కనిపిస్తున్నట్టే. కారు, బైక్ అద్దాలకైతే ఇదంతా అక్కర్లేదు, ఓ గుడ్డ సంచి తొడిగితే చాలు.

ఏమీ చేయకుండా వదిలేయొచ్చా? వదిలేయొచ్చు. గూళ్ల కాలం అయ్యాక దానంతటదే మానేస్తుంది. పెద్ద గాయాలు అరుదు. కాకపోతే పిల్లలకు మేత తేవాల్సిన సమయం, ఓపిక అంతా అద్దం పాలవుతుంది. ముక్కు దగ్గర రక్తం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా గాజు కప్పేయాలి.

ఒక్కసారి 'ధన్' మని తగిలి పడిపోతే అది వేరే సంగతి. అక్కడ శత్రువు గొడవ లేదు, గాజులో ప్రతిబింబించిన చెట్టునో ఆకాశాన్నో నిజమనుకుని దూసుకొచ్చింది. ప్రాణాలు పోయేది ఇక్కడే. ఒక్క అమెరికాలోనే భవనాలకు తగిలి ఏటా 36 కోట్ల నుంచి 99 కోట్ల దాకా పక్షులు చనిపోతున్నాయని 2014లో ఒక అంచనా వచ్చింది. దీనికి గాజు బయటివైపు మొత్తం 5 సెంటీమీటర్ల ఎడంలో చుక్కలో గీతలో ఉండాలి. ఎడం ఎక్కువైతే మధ్యలోంచి దూరిపోవచ్చనుకుని వచ్చి తగులుతుంది. స్పృహ తప్పిన పిట్టకు నీళ్లు పట్టకండి. గాలి ఆడే అట్టపెట్టెలో, చీకట్లో, చప్పుడు లేని చోట ఉంచి, గంటో రెండు గంటలో అయ్యాక బయట మూత తీయండి. అప్పటికీ ఎగరలేకపోతే పక్షుల వైద్యం తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి.