మూడేళ్ళు ఆడాక చెప్తున్నా: పిన్‌బాల్‌కి వైఫై ఎంతవరకు?

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో టేబుల్ టెన్నిస్ బల్లకీ మంచినీళ్ళ క్యాన్‌కీ మధ్య ఒక పిన్‌బాల్ మెషీన్ ఉంది, వాలుగా ఉన్న బల్ల మీద ఉక్కు బంతిని కింద పడిపోకుండా మీటలతో కొడుతూ పాయింట్లు తెచ్చుకునే ఆట. బెంగళూరులో, అదీ రామమూర్తినగర్ అవతల, ఇదెలా వచ్చిందని ప్రతి కొత్తమనిషీ అడుగుతాడు. బి బ్లాక్‌లో ఉండే గుంటూరు ఆయన చాలా ఏళ్ళు టెక్సస్‌లో ఉండి, 2022లో సామాను మొత్తం కంటైనర్‌లో వేసుకుని వచ్చేశారు. సోఫాలతో పాటు ఇదీ దిగింది. నూటపది కిలోల పైమాటే, లిఫ్ట్‌లో పట్టలేదు. వాళ్ళావిడ మెట్ల దగ్గర నిలబడి "అది లోపలికొస్తే నేను బయటికెళ్తా" అన్నారు. అలా అది మాకు దక్కింది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230 కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొన్నాం. అంతే ఖర్చు.

అప్పట్నుంచి దాదాపు రోజూ ఆడుతున్నాను. ఆఫీసు నుంచి వచ్చాక రెండాటలు, తర్వాతే ఇల్లు. పిన్‌బాల్‌ని నెట్‌కి కలిపితే కుర్రకారు మళ్ళీ దాని దగ్గరికొస్తారా అన్నదే ఇక్కడ ప్రశ్న, మా మెషీన్ దగ్గర చూసింది చెప్తాను. ఏ కంపెనీదో, ఏ మోడలో రాయను. నేను చెప్పబోయే ఇబ్బందుల్లో సగం మా వైఫైవి, పావు మా దుమ్మువి. ఆ నింద కంపెనీ మీద పడడం నాకిష్టం లేదు.

మనలో చాలామందికి పిన్‌బాల్ అంటే విండోస్ ఎక్స్‌పీతో పాటు వచ్చిన స్పేస్ క్యాడెట్ అనే కంప్యూటర్ గేమ్. హిందూపురంలో నెట్ సెంటర్‌కెళ్ళి, నెట్ రాకపోతే డబ్బులు దండగ చేసుకోవడం ఇష్టంలేక జెడ్ మీటా ప్రశ్నార్థకం మీటా కొడుతూ కూర్చున్న బ్యాచ్ మాది. అంతకుముందు మా తాతగారింట్లో మేకులు కొట్టిన చెక్క బోర్డు ఉండేది, స్ప్రింగు కడ్డీ లాగి వదిలితే గోళీ పైకెళ్ళి మేకుల మధ్య పడుతూ వచ్చేది. బగటెల్ అనేవారు. పిన్‌బాల్ దాని వంశమే. ఆ స్ప్రింగు కడ్డీకి 1871లో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. బంతిని తిరిగి పైకి కొట్టే ఫ్లిప్పర్లు మాత్రం 1947 దాకా రాలేదు. అవి లేనప్పుడు బంతి వదిలాక దేవుడి మీద భారం వేయడమే, అందుకే దాన్ని జూదం కింద లెక్కగట్టి న్యూయార్క్‌లో 1940ల నుంచి 1976 దాకా నిషేధించారు. చివరికి రోజర్ షార్ప్ అనే ఆటగాడు నగర కౌన్సిల్ వాళ్ళ ఎదుట ఆడి, బంతి ఎటు పోతుందో ముందే చెప్పి కొట్టి చూపించాడు. ఇది అదృష్టం కాదు, చేతిలో ఉన్న పని అని అప్పుడు ఒప్పుకున్నారు.

సరే, వైఫై సంగతి. పిన్‌బాల్ మెషీన్లు తయారుచేసే స్టెర్న్ కంపెనీ 2021లో ఇన్‌సైడర్ కనెక్టెడ్ పేరుతో తన మెషీన్లని నెట్‌కి కలిపింది. పాత మెషీన్లకి తగిలించుకునే పరికరాన్ని స్కార్‌బిట్ అనే సంస్థ అమ్ముతోంది. మాది కూడా నెట్ ఉన్న రకమే. ఫోన్‌లో మన క్యూఆర్ కోడ్ తెరిచి మెషీన్ కెమెరాకి చూపిస్తే తెర మీద పేరు వస్తుంది. కొబ్బరిబోండాల బండి దగ్గర చేసేదే, కాకపోతే ఇక్కడ అది మనల్ని స్కాన్ చేస్తుంది. ఆడిన ప్రతి ఆటా ఖాతాలో పడుతుంది. ఎవరెవరి కంటే ముందున్నామో, ఆటలో సాధించాల్సిన ఘనకార్యాలు (అచీవ్‌మెంట్లు) ఏవి మిగిలాయో యాప్‌లో కనిపిస్తుంది.

మొదటి మూడు వారాలు పిల్లలు ఎగబడ్డారు. ఫోన్ ఉన్నవాళ్ళకి సులువే. లేనివాళ్ళు అమ్మ ఫోన్‌లో ఖాతా తెరిచారు. అమ్మ ఆఫీసుకెళ్తే ఖాతా కూడా ఆఫీసుకెళ్ళింది. సి బ్లాక్‌లో ఏడో తరగతి పిల్ల ఒకతి దీనికి దారి కనిపెట్టింది. క్యూఆర్ కోడ్ ప్రింట్ తీయించి, స్కూల్ ఐడీ కార్డు వెనక సెల్లోటేప్‌తో అంటించుకుంది. వారం తిరిగేసరికి పది మెడల్లో పది కోడ్లు. ఇంత తెలివి హోంవర్కులో కనపడదేమని వాళ్ళ నాన్న గొణుగుడు.

నాలుగో వారానికి జోరు తగ్గింది. యాప్‌లోని ప్రపంచ స్కోర్ల పట్టిక వాళ్ళని పట్టి ఉంచుతుందని నేననుకున్నాను, ఉంచలేదు. ఎక్కడో ఎవరో వంద కోట్ల పాయింట్లు కొట్టారు, మన పిల్లకి రెండు కోట్లు వచ్చాయి. అంత దూరంలో ఉన్నవాడితో పంతమేముంటుంది? పైగా ఆ పోలికే న్యాయం కాదు. పిన్‌బాల్ బల్ల ఆరున్నర డిగ్రీల వాలులో ఉండాలంటారు. మా క్లబ్‌హౌస్ టైల్స్ ఒకవైపు కుంగితే వెనక కాలు కింద క్యారమ్ కాయిన్ పెట్టాం. కాయిన్ జారితే వాలు తగ్గుతుంది, బంతి నిదానిస్తుంది, స్కోర్లు పెరుగుతాయి. రబ్బర్లు అరిగితే ఇంకోలా, మైనం పూసి తుడిచిన మర్నాడు మరోలా. "అంకుల్, వాళ్ళ బంతి కూడా మనదానిలాగే దొర్లుతుందా?" అని ఒకడు అడిగాడు. యాప్ తయారుచేసినవాళ్ళు జవాబివ్వాల్సిన ప్రశ్న.

తర్వాత 2024 ఎండాకాలంలో రోడ్డు తవ్వారు, ఫైబర్ తెగింది. దాదాపు నెల రోజులు క్లబ్‌హౌస్‌లో నెట్ లేదు. ఊరంతా నీళ్ళ కరువు, మా గోడ మీద వైట్‌బోర్డు నిండా ట్యాంకర్ల టైమింగులు. ఎవరో దాని కింద గీత గీసి పిన్‌బాల్ స్కోర్లు రాయడం మొదలుపెట్టారు. అదిగో, అప్పుడు మళ్ళీ క్యూ కట్టారు! ట్యాంకర్ కోసం బిందెలతో నిలబడ్డ పెద్దవాళ్ళు కూడా కింద ఎవరి పేరుందో చూసి, "మా వాణ్ణి వీడు దాటాడా" అని వచ్చి ఆడారు. సర్వర్ చేయలేని పని మార్కర్ చేసింది.

ఇంతదాకా చదివి నేను వైఫైకి వ్యతిరేకం అనుకుంటే పొరపాటు. ఒక్క విషయంలో అది నా కళ్ళు తెరిపించింది. పిల్లలు పిన్‌బాల్ దగ్గర నిలవకపోవడానికి అసలు కారణం బోర్ కాదు, అర్థం కాకపోవడం. లైట్లు వెలుగుతాయి, గంటలు మోగుతాయి, ఏది ఎందుకో తెలీదు. మొబైల్ గేమ్ అయితే మొదటి లెవల్లో చెయ్యి పట్టుకుని నేర్పుతుంది. ఇది నేర్పదు, బంతిని మింగేస్తుంది. మా యాప్‌లో ఘనకార్యాల జాబితా ఉంది చూశారూ, అది నిజానికి పాఠం. ఎడమ ర్యాంప్ వరసగా మూడుసార్లు కొట్టు, ఒకే ఆటలో రెండుసార్లు మల్టీబాల్ (ఒకేసారి చాలా బంతులు) తెప్పించు, ఇలా. సెల్లోటేప్ పిల్ల లిఫ్ట్‌లో అది చదువుకుని కిందికొచ్చేది. రెండేళ్ళు ఆడి నేను కనిపెట్టని దారి ఒకటి ఆ పిల్ల వారంలో చూపించింది. నాకు కాస్త సిగ్గనిపించింది, తర్వాత ఆ దారినే నా అత్యధిక స్కోరు వచ్చింది.

రెండో లాభం, రూల్స్‌లో తప్పులుంటే నెట్ మీదుగా సరిచేసిన కొత్త వెర్షన్ వస్తుంది. ఒకసారి అది ఎక్కుతుండగా కరెంటు పోయింది. తెర నల్లబడి ఉండిపోయింది. శనివారం దాకా ఆగి పెన్‌డ్రైవ్‌తో మళ్ళీ ఎక్కించుకున్నాం. యూపీఎస్ లేకుండా అప్‌డేట్ పెట్టొద్దు, ఇది చేతులు కాలాక పట్టుకున్న ఆకు.

కానీ నెట్‌తో పంపలేనిదొకటి ఉంది. బంతి ఉక్కుది, ఎనభై గ్రాములు, 27 మిల్లీమీటర్లు. రెండు ఫ్లిప్పర్ల మధ్య సందులోకి సూటిగా వస్తున్నప్పుడు అరచేతి మడమతో బల్లని చిన్నగా తోస్తే చాలు, అది వెంట్రుకవాసి పక్కకి తప్పుతుంది. ఎక్కువ తోశామా, టిల్ట్. ముందు తలుపు తెరిచి చూస్తే ఎడమవైపు ఒక ఇత్తడి వలయం, దాని మధ్యలో కడ్డీకి వేలాడుతున్న బరువు, తాపీమేస్త్రీ తూకపు గుండు లాంటిది. బల్ల ఊగి ఆ కడ్డీ వలయానికి తాకితే సర్క్యూట్ కలుస్తుంది, ఫ్లిప్పర్లు చచ్చిపోతాయి, బంతి కళ్ళముందే జారిపోతుంది. పిల్లలందరికీ తలుపు తెరిచి ఇది చూపించాను. చూసినవాళ్ళలో నలుగురు ఇప్పటికీ వస్తున్నారు. యాప్ తెరవడం మానేసినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు.

కుర్రకారుని రప్పించాలన్న ఆరాటం కొత్తది కాదు. 1999లో విలియమ్స్ కంపెనీ పిన్‌బాల్ 2000 అని తెచ్చింది. మానిటర్ బొమ్మని అద్దంలో ప్రతిఫలింపజేసి, బల్ల మీదే బొమ్మలు నడుస్తున్నట్టు, బంతి వాటిని గుద్దుతున్నట్టు చూపించింది. అద్భుతమైన ఆలోచన. రెండు ఆటలు విడుదలయ్యాయి, అదే ఏడాది కంపెనీ పిన్‌బాల్ తయారీ మూసేసింది. కాబట్టి వీడియో గేమ్‌తో వీడియో గేమ్‌లాగా పోటీ పడమని నేనెవరికీ సలహా ఇవ్వను. నేర్పడానికి నెట్ వాడండి, ఒకే బల్ల మీద ఆడేవాళ్ళ మధ్య పంతం పెంచడానికి వాడండి. లాగిన్ లేకుండా ఆట మొదలవ్వాలి, ఇది మాత్రం వదులుకోకూడదు. మాది మొదలవుతుంది. అందుకే మెషీన్‌కి అయిదుకి నాలుగున్నర, నెట్ భాగానికి మూడు ఇస్తాను. ఆ మూడులో రెండు ఆ ఘనకార్యాల జాబితాకే.

పోయిన ఆదివారం సెల్లోటేప్ పిల్ల ఐడీ కార్డు ఇంట్లో మర్చిపోయి వచ్చింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. పేరు లేకుండానే స్టార్ట్ నొక్కి, తొమ్మిది కోట్ల పైన కొట్టింది. మా క్లబ్‌హౌస్‌లో అంత ఎవరికీ రాలేదు. ఖాతాలో పడదని గుర్తొచ్చి మొహం చిన్నబుచ్చుకుంది, తర్వాత మార్కర్ అందుకుని ట్యాంకర్ టైమింగుల కింద పెద్ద అక్షరాలతో రాసింది. సోమవారం పొద్దున సెక్రెటరీ గారు టైమింగులు మార్చబోయి మొత్తం తుడిచారు. తొమ్మిది కోట్లు పోలేదు. చూస్తే పర్మనెంట్ మార్కర్.