మూడేళ్లకే డిగ్రీ పట్టా తీసుకోవాలా, నాలుగో ఏడాది ఆనర్స్ చదవాలా?

యూనివర్సిటీల చదువుల్ని నియంత్రించే యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన విధానం ప్రకారం 120 క్రెడిట్లు (పాసైన ఒక్కో పేపరుకు లెక్కలో కలిసే పాయింట్లు) పూర్తయితే మూడేళ్లకే పట్టా చేతికొస్తుంది. ఇంకో ఏడాది చదివి 160 పూర్తిచేస్తే ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు ఆ నాలుగో ఏడాదిలో పరిశోధన చేసి ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’ పట్టా పొందవచ్చు.

గ్రూప్స్, సివిల్స్, బ్యాంకు పరీక్షలు, బీఈడీ, ఐసెట్ రాసి ఎంబీఏ... వీటిలో దేనికైనా మూడేళ్ల డిగ్రీ చాలు. ఈ దారిలో వెళ్లేవాళ్లు నాలుగో ఏడాదీ క్లాసుల్లోనే గడిపితే ప్రిపరేషన్ వెనకబడుతుంది. జీతం కోసం ఇల్లు ఎదురుచూస్తుంటే ఆ ఏడాది మరీ భారం. మూడేళ్లకే బయటికొచ్చిన పిల్లల్ని ‘మధ్యలో మానేశారు’ అనడం అన్యాయం. వాళ్లది పూర్తి డిగ్రీయే.

పీజీ చేయాలనుకునేవాళ్ల లెక్క వేరు. మూడేళ్ల డిగ్రీ తర్వాత పీజీ రెండేళ్లు, ఆనర్స్ తర్వాత ఒక్క ఏడాది. ఎటు చూసినా ఐదేళ్లే. కాకపోతే మీరు చేరాలనుకునే యూనివర్సిటీలో ఏడాది పీజీ ఉందో లేదో ముందే కనుక్కోండి. విదేశాల్లో ఎంఎస్ ఆలోచన ఉన్నవాళ్లకూ ఆనర్స్ పనికొస్తుంది. అమెరికాలో చాలా యూనివర్సిటీలు 16 ఏళ్ల చదువు అడుగుతాయి, మూడేళ్ల బీఎస్సీ దగ్గర చిక్కొచ్చేది అక్కడే.

ఆనర్స్‌తో అసలు మేలు పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు చేయవచ్చు. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 5 శాతం సడలింపు ఉంది. 2024 నుంచి వీళ్లను నెట్ (జాతీయ అర్హత పరీక్ష) కూడా రాయనిస్తున్నారు. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో చేరాక నెలకు 37,000 రూపాయలు. పీజీ ఫీజులు, హాస్టల్ ఖర్చులు భరించలేని ఇంటి నుంచి వచ్చిన పిల్లకు ఇది ఎంత పెద్ద అండో ఆలోచించండి. నన్నడిగితే ఆనర్స్ ఉండాల్సిందే ఇలాంటి పిల్లల కోసం.

అయితే ఆ ఏడాది విలువ కాలేజీని బట్టి ఉంటుంది. పరిశోధన ఆనర్స్ నడపాలంటే ఆ డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ విద్యార్థులకు గైడ్‌గా ఉండే గుర్తింపు ఉన్న శాశ్వత అధ్యాపకులు కనీసం ఇద్దరుండాలి. 12 క్రెడిట్ల ప్రాజెక్టు ఎవరి దగ్గర చేస్తారు, ల్యాబ్ పనిచేస్తోందా, ఇంతకుముందు ఏ అంశాల మీద పని జరిగింది అని అడగండి. సరైన జవాబు రాకపోతే మూడేళ్ల పట్టా తీసుకుని, ఎంట్రన్స్ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలాంటి చోట రెండేళ్ల పీజీలో చేరడమే మేలు. పరిశోధన లేని మామూలు ఆనర్స్‌లో ఆ ప్రాజెక్టు బదులు మూడు పేపర్లుంటాయి. ఏడాది పీజీకో విదేశీ చదువుకో అవసరమైతే తప్ప దానికోసం ఆగమని నేను చెప్పను.

ఇప్పుడు మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లకు నిర్ణయం తీసుకోవడానికి ఇంకా టైముంది. కానీ ఆ 75 శాతం లెక్క మొదటి సెమిస్టర్ నుంచే మొదలవుతుంది. అప్పుడు తగ్గిన మార్కుల్ని మూడో ఏడాదిలో పైకి లాగడం చాలా కష్టం.