ఐదు వాట్ల యాంప్‌లో ట్యూబులూ స్పీకర్లూ మార్చి చూశాక

స్పీకరును నడిపే పవర్ ట్యూబు (ఈఎల్84) ఒకటి, గిటార్ సిగ్నల్‌ను మొదట పెంచే ప్రీయాంప్ ట్యూబు (12ఏఎక్స్7) ఒకటి, 8 అంగుళాల స్పీకరు, ఒక వాల్యూమ్ నాబ్. కొన్నేళ్లుగా నేను ఇంట్లో వాయిస్తున్న 5 వాట్ల గిటార్ కాంబోలో (యాంప్, స్పీకరు ఒకే పెట్టెలో ఉండేది) ఉన్నది ఇంతే. టోన్ నాబ్ కూడా లేదు. కాబట్టి సౌండ్ మారాలంటే గిటార్ మీది నాబ్‌లు తిప్పాలి, లేదా యాంప్‌లో ఏదో ఒకటి మార్చాలి. నేను రెండూ చేస్తూ వచ్చాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: డబ్బూ ఓపికా మొదట స్పీకరు మీద పెట్టండి, తర్వాత ప్రీయాంప్ ట్యూబు రకం మీద. పవర్ ట్యూబు ఏ బ్రాండ్‌దన్నది ఆ తర్వాత సంగతి.

యాంప్‌తో వచ్చిన స్పీకరు చిన్న వాల్యూమ్‌లో బాగానే ఉండేది. నాబ్ సగం దాటగానే సన్నగా, గీరినట్టు వినిపించేది. గిటార్‌లో లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. వెనక తెరిచి ఉన్న చిన్న పెట్టెలో 8 అంగుళాల కోన్ (స్పీకరులో కదిలే గరాటు భాగం) అంత కిందికి దిగలేదు. మనం వినేది చాలావరకు ఆ స్వరానికి పైనుండే హార్మోనిక్సే (దాని రెట్ల ఫ్రీక్వెన్సీలు). మొదట అదే సైజులో హెంప్ నార కోన్ ఉన్న స్పీకరు వేశాను. ట్రెబుల్‌లో గరుకు తగ్గింది, బ్రిడ్జ్ పికప్ (గిటార్ బ్రిడ్జ్ పక్కన తీగల కదలికను సిగ్నల్‌గా మార్చేది) చెవిలో గుచ్చుకోవడం మానేసింది. బాస్ మాత్రం పెద్దగా రాలేదు, పెట్టె పాతదే కదా.

అదే యాంప్‌ను 12 అంగుళాల క్యాబినెట్‌కు కలిపినప్పుడు మాత్రం వేరే యాంప్ వింటున్నట్టే అనిపించింది. అందులో ఉన్నది సెలెషన్ జీ12ఎం గ్రీన్‌బ్యాక్, 25 వాట్ల స్పీకరు. దాని సెన్సిటివిటీ 98 డెసిబెల్స్. అంటే ఒక వాట్ ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే అంత శబ్దం వస్తుందన్నమాట. స్పీకరు కొనేవాళ్లు వాట్లు చూస్తారు, ఈ అంకెను వదిలేస్తారు. కానీ చిన్న యాంప్‌కు ఇదే అసలైన అంకె. సెన్సిటివిటీ 3 డెసిబెల్స్ పెరిగితే యాంప్ వాట్లు రెట్టింపైనట్టే. 92 డెసిబెల్స్ స్పీకరు తీసేసి 98 డెసిబెల్స్‌ది పెడితే 5 వాట్లు 20 వాట్లంత గట్టిగా మోగుతాయి. అదీ ఒక్క ట్యూబు ముట్టుకోకుండా! ఇంట్లో నాబ్ పూర్తిగా తిప్పి, ట్యూబులు డిస్టార్ట్ అయ్యేదాకా వాయించాలనుకునేవాళ్లు మాత్రం దీన్ని తిప్పి చదువుకోవాలి. వాళ్లకు తక్కువ సెన్సిటివిటీ ఉన్న స్పీకరే మేలు.

కొత్త స్పీకరు మొదట్లో కాస్త బిగుసుగా వినిపిస్తుంది. వాయించే కొద్దీ కోన్ అంచు సడలి ట్రెబుల్ మెత్తబడుతుంది. వెంటనే నచ్చలేదని తీసేయొద్దు.

స్పీకరు మార్చేటప్పుడు యాంప్ వెనక ఎన్ని ఓమ్స్ (స్పీకరు నిరోధం) అని రాసి ఉందో అన్ని ఓమ్స్ ఉన్నదే తీసుకోవాలి. స్పీకరు వైరు ఊడి ఉండగా యాంప్ అస్సలు ఆన్ చేయొద్దు. లోడ్ లేకుండా నడిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. ట్యూబూ స్పీకరూ వెనకవైపు నుంచే మార్చుకోగలిగితే సరే. ఛాసీ (యాంప్ లోపలి లోహపు పెట్టె) విప్పాల్సి వస్తే ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి.

ఇక ప్రీయాంప్ ట్యూబు. 12ఏఎక్స్7 ఒక్క గాజు బుడ్డిలో రెండు ట్రయోడ్‌లు (సిగ్నల్‌ను పెంచే భాగాలు) ఉంటాయి. ఈ యాంప్‌లో సిగ్నల్ ఒకదాని తర్వాత ఒకటిగా రెండింటి గుండా పోతుంది కాబట్టి ట్యూబు రకం మారిస్తే తేడా రెండుసార్లు పడుతుంది. 12ఏఎక్స్7 యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (సిగ్నల్‌ను ఎంత పెంచగలదో చెప్పే అంకె) 100. అదే సాకెట్‌లో పడే 5751కి 70, 12ఏవై7కి 44 ప్రాంతంలో, 12ఏయూ7కి 20లోపు. హంబకర్ (రెండు కాయిల్స్ ఉన్న పికప్) గిటార్‌తో నాకు బాగా నచ్చింది 5751. నాబ్ మధ్యలో వాడుకోదగ్గ చోటు పెరిగింది, గట్టిగా మీటితేనే డిస్టార్షన్ వస్తుంది. 12ఏవై7 కొత్త ప్రయోగమేమీ కాదు. 1950లలో ఫెండర్ ట్వీడ్ డీలక్స్, బాస్‌మన్ యాంప్‌లలో మొదటి ప్రీయాంప్ ట్యూబుగా ఉండేది అదే. సింగిల్ కాయిల్స్‌తో దాని క్లీన్ సౌండ్ ఎంతసేపు విన్నా విసుగు రాదు. 12ఏయూ7తో మాత్రం ప్రాణం పోయినట్టు అనిపించింది, తీసేశాను.

ఒకే రకం 12ఏఎక్స్7లో బ్రాండ్ల మధ్య తేడా ఉంది, కానీ దాని గురించి జనం రాసేంత లేదు. బ్రాండ్ కంటే నేను చూసేది మైక్రోఫోనిక్ (అదురును శబ్దంగా మార్చేది) అవునా కాదా అన్నదే. యాంప్ ఆన్‌లో ఉండగా పెన్సిల్ చెక్క చివరతో ట్యూబును మెల్లగా తట్టితే స్పీకర్‌లో చిన్న టిక్ వినిపించడం మామూలే. గంటలా మోగితే ఆ ట్యూబు కాంబోకు పనికిరాదు, ఎందుకంటే స్పీకరు అదురు నేరుగా దానికే తగులుతుంది. కాంబోలో కొన్ని స్వరాల దగ్గర మోగిన ఒక ట్యూబు, స్పీకరు వేరే క్యాబినెట్‌లో ఉన్నప్పుడు కిక్కురుమనలేదు.

ఈఎల్84 మార్చడం సులువు. ఉన్నది ఒకటే కాబట్టి మ్యాచ్‌డ్ పెయిర్ (ఒకేలా పనిచేసే ట్యూబుల జత) గొడవ లేదు. కాథోడ్ బయాస్ (ట్యూబు కరెంటు తనంతట తానే కుదురుకునే అమరిక) కాబట్టి సర్దుబాటు అక్కర్లేదు. చల్లారాక, ప్లగ్ తీసి, పిన్నులు వంగకుండా నిటారుగా లాగితే చాలు. బ్రాండ్లు మార్చి విన్నాను, సౌండ్‌లో తేడా స్వల్పమే. బాస్ వదులైపోయి వాల్యూమ్ తగ్గుతుంటే మాత్రం కొత్తది వేయాల్సిందే. 6వీ6 పవర్ ట్యూబున్న చిన్న యాంప్ మీ దగ్గరుంటే, సాకెట్‌లో పడుతుంది కదా అని 6ఎల్6 పెట్టేయకండి. దాని హీటర్ (ట్యూబును వేడిచేసే తీగ) 0.45 బదులు 0.9 ఆంపియర్లు లాగుతుంది, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ దానికి తట్టుకోవాలి.

ఇవన్నీ పోల్చడానికి నేను చెవి జ్ఞాపకాన్ని నమ్మలేదు. ట్యూబు చల్లారి, మార్చి, మళ్లీ వేడెక్కేలోపు పాత సౌండ్ మనసులో మారిపోతుంది. లూపర్‌లో (వాయించింది రికార్డు చేసి మళ్లీ వినిపించే పెడల్) ఒకే ముక్క రికార్డు చేసుకుని, మైకు కదపకుండా, ప్రతిసారీ అదే యాంప్‌లోకి పంపి రికార్డు చేశాను. వినేటప్పుడు లెవెల్స్ సమానం చేయడం తప్పనిసరి, లేకపోతే కొంచెం గట్టిగా ఉన్నదే బాగున్నట్టు అనిపిస్తుంది. అలా సమానం చేశాక ఈఎల్84 బ్రాండ్లలో ఏది ఏదో చెప్పలేకపోయాను. స్పీకర్లను మాత్రం మొదటి స్వరానికే గుర్తుపట్టాను.