పడమటి గాజు గోడతో ఐదు వేసవులు

హైదరాబాద్ నల్లగండ్లలో 22 అంతస్తుల టవర్, 14వ అంతస్తు, పడమర ఫేసింగ్. 2021 జనవరిలో దిగాం. హాల్లో నేల నుంచి సీలింగ్ దాకా గాజు, దాని అవతల బాల్కనీ. చేరిన కొత్తలో ఆ వెలుతురు చూసి చుట్టాలందరికీ గొప్పగా చెప్పాను. ఇప్పుడు అడిగితే వెలుతురు నిజమే గానీ, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 3 దాటాక ఆ హాల్లో కూర్చోలేం అంటాను.

2023 మేలో ఒక ఆదివారం కరెంటు పోయింది, మూడు గంటలు రాలేదు. జనరేటర్ మీద ఫ్యాన్లు, లైట్లే నడుస్తాయి, ఏసీ రాదు. ఖమ్మం నుంచి అమ్మ వచ్చి ఉంది. తెరలన్నీ వేసేశాం, అయినా హాలు కాగిపోతోంది. అమ్మ లేచి వెళ్ళి తెర పట్టుకుని చూసింది, ఇస్త్రీ చేసిన బట్టలా వేడిగా ఉంది. "ఎండ ఇంట్లోకొచ్చాక తెర కడితే ఏం లాభంరా, దొంగ దూరాక తలుపేసినట్టు. బయట కట్టు" అంది.

అదే నిజమని తర్వాత తెలిసింది. గాజు గుండా ఎండ లోపలికి వచ్చేస్తుంది, దానికి కాగిన తెర, గచ్చు, సోఫా వదిలే వేడి మాత్రం అదే గాజు గుండా తిరిగి బయటికి పోదు. పైనున్న సజ్జా దక్షిణానికైతే పనికొస్తుంది, పడమటి ఎండ కిందికి దిగి అడ్డంగా కొడుతుంది కాబట్టి దానికి ఆగదు.

బాల్కనీ అంచున వెదురు తెరలు కట్టించాను. ఎలివేషన్, అంటే టవర్ బయటి రూపు, పాడవుతుందని అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోలేదు, రెండు నెలలు తిరిగితే గానీ సరే అనలేదు. సాయంత్రం 4కి హాల్లో 37 చూపించే థర్మామీటర్ ఆ తర్వాతి మేలో 33 దగ్గర ఆగింది. ఏసీ రాత్రి భోజనాలయ్యాకే వేస్తున్నాం, బిల్లులో 150 యూనిట్ల దాకా తగ్గాయి. అయితే అంత ఎత్తులో ఈదురుగాలి మామూలుగా ఉండదు, ఒకసారి తాడు తెగి తెర రెయిలింగ్‌కు కొట్టుకుంటుంటే కింద ఎవరి మీద పడుతుందోనని నాకు కాళ్ళు వణికాయి. అప్పటి నుంచి కింద కూడా రెండు చోట్ల కడుతున్నాం, మబ్బు పడితే చుట్టేస్తున్నాం.

టెర్రస్‌కు ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్ పెయింట్ వేయించారు, మంచిదే, రాష్ట్రంలో 2023 నుంచి కూల్ రూఫ్ పాలసీ కూడా ఉంది. కానీ ఇంత ఎత్తు టవర్లో దానివల్ల హాయి పై అంతస్తు వాళ్ళకే. మిగతా అందరికీ వేడి వచ్చేది గోడలు, కిటికీల నుంచే. ఇళ్ళలో కరెంటు ఆదా కోసం కేంద్రం 2018లో తెచ్చిన నిర్మాణ నియమావళి ఎకో నివాస్ సంహితలో దానికీ లెక్కుంది, అలా వచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు. కొనేటప్పుడు ఆ లెక్క అడగాలని నాకు తెలియదు, వాస్తు అడిగాను, పార్కింగ్ అడిగాను.

నాది ఇంటి నుంచి చేసే ఉద్యోగం, మధ్యాహ్నాలన్నీ ఇక్కడే గడుస్తాయి కాబట్టి ఇంత బాధ. పొద్దున వెళ్ళి రాత్రి 8కి వచ్చేవాళ్ళకు ఇది సగమే తెలుస్తుందేమో. ఫ్లాట్ కొనడానికి చూడబోయేవాళ్ళు మాత్రం పొద్దున కాకుండా సాయంత్రం 4కి వెళ్ళి గాజు మీద చెయ్యి పెట్టి చూడండి.

పెద్ద బెడ్‌రూమ్‌కు బాల్కనీ లేదు, బయట ఏదీ కట్టలేం. గాజుకు ఫిల్మ్ అంటించాను, వేడి కొంచెం తగ్గింది, దాంతోపాటు వెలుతురూ పోయి పగలే లైటు వేస్తున్నాం. అమ్మ వేసవిలో వస్తే పడక హాల్లోనే.