గాల్వెస్టన్ క్రూజ్: డ్రింక్స్ ప్యాకేజీ కొనాలా, అన్నం సంగతేంటి?

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి క్రూజ్ అంటే ముందు గుర్తొచ్చేది టెక్సాస్ తీరంలో ఉన్న గాల్వెస్టన్ రేవు. విమానం టికెట్ల ఖర్చు ఉండదు, పెద్దవాళ్లని ఎయిర్‌పోర్టుల్లో నడిపించే పని ఉండదు. పొద్దున్నే కారెక్కితే ఐదు గంటల్లో రేవులో ఉంటాం. మేము ముందు రోజే బయలుదేరి హ్యూస్టన్‌లో తమ్ముడి ఇంట్లో పడుకున్నాం. తెల్లారి పేర్‌ల్యాండ్‌లో మీనాక్షి అమ్మవారి గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకుని, అటునుంచి అటే ఓడ దగ్గరికి. అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చి ఉన్నారు కాబట్టే ఈ ప్రయాణం పెట్టుకున్నాం. మేము నలుగురం, వాళ్లిద్దరు, తమ్ముడూ మరదలూ. మూడు క్యాబిన్లు.

ఓడ రాయల్ కరీబియన్ కంపెనీ వారి హార్మొనీ ఆఫ్ ది సీస్. 2016లో ప్రయాణాలు మొదలుపెట్టింది, పొడవు 362 మీటర్లు. ఏడు రాత్రుల ప్రయాణం: మెక్సికోలోని కోజుమెల్, కోస్టా మాయా, హోండురాస్‌లోని రోతాన్ అనే మూడు రేవులు, మిగిలిన మూడు రోజులూ సముద్రం మీదే. ఓడ మధ్యలో పైకప్పు లేకుండా నిజం చెట్లతో ఒక తోట ఉంది, పేరు సెంట్రల్ పార్క్. నాన్నకి రోజూ అక్కడే వాకింగ్. స్లైడ్లూ షోలూ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నన్ను తెలిసినవాళ్లు అడిగేవి రెండే: డ్రింక్స్ ప్యాకేజీ కొనాలా, శాకాహారులకి తిండి దొరుకుతుందా. ఆ రెండూ వివరంగా చెప్తాను.

ముందు డ్రింక్స్. రోజుకి ఇంత అని ముందే కట్టేస్తే, ఓడలో తాగే ప్రతి గ్లాసుకీ విడిగా కట్టక్కర్లేదు, ప్యాకేజీ అంటే అదే. ధర చూడకముందే ఒక నియమం తెలుసుకోవాలి. మద్యం ఉండే ప్యాకేజీ ఒకే క్యాబిన్‌లో ఒకరు కొంటే, ఆ క్యాబిన్‌లో 21 ఏళ్లు దాటిన వాళ్లందరూ కొనాలి. రాయల్ కరీబియన్‌లోనూ, కార్నివాల్ అనే ఇంకో క్రూజ్ కంపెనీలోనూ ఇదే పద్ధతి. ఒకరి ప్యాకేజీ మీద ఇంకొకరికి తెచ్చిపెట్టడం కుదరకూడదని ఈ నియమం పెట్టారు. మన ఇళ్లలో చాలావరకు భర్త తాగుతాడు, భార్య ముట్టదు. మా ఇంట్లోనూ అంతే. అంటే ఆయన తాగే దానికి ఇద్దరి డబ్బూ కట్టాలి. మన కుటుంబాలకి ఈ ఒక్క నియమంతోనే సగం నిర్ణయం అయిపోతుంది.

ఇప్పుడు అంకెలు. ప్యాకేజీ ధర ఓడని బట్టి, తేదీని బట్టి మారుతూ ఉంటుంది. మా ప్రయాణానికి నేను చూస్తున్నన్నాళ్లూ రోజుకి 75, 95 డాలర్ల మధ్య తిరిగింది. లెక్కకి 80 అనుకుందాం. దాని మీద 18 శాతం టిప్పు వాళ్లే కలుపుతారు, అప్పుడు 94 డాలర్ల 40 సెంట్లు. ఏడు రోజులకి మనిషికి 660 పైచిలుకు, జంటకి 1,320 దాటుతుంది. విడిగా కొంటే కాక్‌టెయిల్ 14 డాలర్లు, టిప్పుతో పదహారున్నర. బీరు టిప్పుతో కలిపి 10 డాలర్ల దగ్గర. అంటే డబ్బు గిట్టాలంటే ఒక మనిషి రోజుకి ఆరు కాక్‌టెయిల్స్ తాగాలి, బీరైతే తొమ్మిదో పదో. అదీ ఏడు రోజులూ వరసగా. రేవులో దిగిన రోజు పొద్దున తొమ్మిదింటికి బయటికెళ్తే నాలుగింటికి గానీ ఓడెక్కం. ఒడ్డున ఈ రేవుల్లో ప్యాకేజీ పనిచేయదు, కాబట్టి మూడు రోజులు సగం సగమే మిగులుతాయి.

మావారు సాయంత్రం రెండు బీర్లు, భోజనానికి ముందు ఒక కాక్‌టెయిల్ తీసుకుంటారు. విడిగా రోజుకి 36, 37 డాలర్లు. వారం మొత్తానికి 260 లోపు. ఎక్కడి 260, ఎక్కడి 1,320! మేము కొనలేదు. తమ్ముడూ మరదలూ కొన్నారు, వాళ్లిద్దరికీ అది సరైనదే. ఇద్దరూ తాగుతారు, పొద్దున పూల్ దగ్గర మొదలుపెడితే రాత్రి షో అయ్యేదాకా ఏదో ఒకటి చేతిలో ఉంటుంది. పైగా మద్యం ప్యాకేజీలోనే లాటేలు, తాజా నారింజ రసం, సీసా నీళ్లు, కూల్‌డ్రింకులు కూడా వచ్చేస్తాయి. ఆ కాఫీలూ రసాలూ కలుపుకుంటే వాళ్లకి నాలుగు కాక్‌టెయిల్స్‌కే లెక్క సరిపోయింది. ఓడలో ఉన్న స్టార్‌బక్స్‌కి మాత్రం ప్యాకేజీ వర్తించదు, అక్కడ విడిగా కట్టాలి. గ్లాసు ధరకి 14 డాలర్ల పరిమితి ఉంది, అది దాటితే తేడా మనమే ఇవ్వాలి.

మద్యం లేని ప్యాకేజీ ఇంకొకటుంది, పేరు రిఫ్రెష్‌మెంట్. మాక్‌టెయిల్స్, కాఫీలు, రసాలు, కూల్‌డ్రింకులు. క్యాబిన్‌లో అందరూ కొనాలనే నియమం దీనికి లేదు. రోజుకి టిప్పుతో కలిపి 40 దాటుతుంది. పిల్లలు అడిగారు కానీ మాకు అవసరం అనిపించలేదు, ఎందుకంటే ఊరికే దొరికేవే చాలా ఉన్నాయి: మంచినీళ్లు, మామూలు కాఫీ, టీ, నిమ్మరసం, ఐస్‌డ్ టీ, హాట్ చాక్లెట్, పొద్దున టిఫిన్ వేళ పళ్లరసాలు. ఇంకో సంగతి, ఎక్కే రోజు ఒక క్యాబిన్‌కి 12 కూల్‌డ్రింకు డబ్బాలు మనమే తీసుకెళ్లచ్చు. పెద్దవాళ్లు తలా ఒక 750 మిల్లీలీటర్ల వైన్ సీసా కూడా చేతిబ్యాగులో పెట్టుకోవచ్చు. మన క్యాబిన్‌లో తాగితే రుసుమేమీ లేదు, డైనింగ్ హాల్లో తెరిపిస్తే 15 డాలర్లు తీసుకుంటారు. వైన్ వరకే తాగేవాళ్లకి ఈ ఒక్క వెసులుబాటుతో వారంలో రెండు మూడు రాత్రులు గడిచిపోతాయి.

గాల్వెస్టన్ నుంచే వెళ్లే కార్నివాల్ ఓడల్లో ప్యాకేజీ పేరు చీర్స్. దానికి రోజుకి 15 మద్యం గ్లాసుల పరిమితి ఉంది. పైగా టెక్సాస్ నుంచి బయలుదేరే ప్రయాణాల్లో మొదటి రోజు అది పనిచేయదు, రెండో రోజు నుంచి మొదలవుతుంది. నార్వీజియన్ అనే మరో కంపెనీ వాళ్లు డ్రింక్స్ టికెట్‌తో పాటే ఇస్తామంటారు కానీ, ప్యాకేజీ ధర మీద టిప్పు మాత్రం వసూలు చేస్తారు. ఉచితం అన్న మాట చూసి ఆగిపోకుండా చివరి పేజీలో పడే మొత్తం చూసి పోల్చుకోవాలి.

టిప్పులంటే గుర్తొచ్చింది. డ్రింక్స్ మీద వేసేది కాక, సిబ్బంది కోసం మనిషికి రోజుకి 18 డాలర్ల 50 సెంట్లు వేరే పడుతుంది, చిన్నపిల్లలకి కూడా. మా ఆరుగురికి వారానికి 777 డాలర్లు. టికెట్ ధర చూసి సంబరపడేవాళ్లు ఈ మొత్తాన్ని ముందే కలుపుకోవాలి. ఆ డబ్బు ఇవ్వడానికి నాకు ఏ బాధా లేదు, వాళ్ల కష్టం కళ్లారా చూశాను. బడ్జెట్‌లో మాత్రం దీనికి చోటుండాలి.

ఇక తిండి. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు. బయలుదేరే ముందు ఇంట్లో అందరి టెన్షన్ ఆవిడ గురించే. మొదటి రాత్రి మెయిన్ డైనింగ్‌లో కూర్చోగానే హెడ్ వెయిటర్‌ని పిలిచి విషయం చెప్పాం. మెనూలో రోజూ ఒక భారతీయ శాకాహార వంటకం ఉంటుంది, అది అడిగితే చాలు. అంతకంటే కావాలంటే ముందు రోజు రాత్రే చెప్పాలి. ఆయన చిన్న పుస్తకం తీసి, "రేపటికి ఏం చేయించమంటారు అమ్మా?" అన్నట్టుగా హిందీలో అడిగాడు. అమ్మకి హిందీ అంతంతమాత్రం. "దాల్, చావల్, భిండీ" అంది. మర్నాడు రాత్రి జీలకర్ర తాలింపు వేసిన ఎర్రపప్పు, వేయించిన బెండకాయ, పెరుగు, బాస్మతి అన్నం వచ్చాయి. అన్నం పొడిపొడిగా ఉందని అమ్మ మొహం చిన్నబుచ్చుకుంటే, ఆ తర్వాతి రోజు నుంచి ఆవిడకి విడిగా మెత్తగా ఉడికించి పంపారు. పప్పులో ఉప్పూ కారం తక్కువే. హైదరాబాద్ నుంచి తెచ్చిన సీల్డ్ ప్యాకెట్ కందిపొడి బల్ల మీద పెట్టుకుంది. పప్పన్నంలో ఆ పొడి ఇంత వేసుకుని కలుపుకుంటుంటే పక్క టేబుల్ గుజరాతీ ఆవిడ కూడా అడిగి పెట్టించుకుంది.

ఇలా రోజూ అదే వెయిటర్ రావాలంటే మాత్రం బుక్ చేసేటప్పుడే సంప్రదాయ పద్ధతి ఎంచుకోవాలి, అంటే రోజూ ఒకే వేళ, ఒకే టేబుల్. మైటైమ్ అని ఇంకో పద్ధతి ఉంది, దాంట్లో మనకి నచ్చిన వేళకి వెళ్లచ్చు. వీలుగా ఉంటుంది కానీ టేబుల్ మారితే వెయిటర్ కూడా మారతాడు, మన కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. పెద్దవాళ్లతో వెళ్తే నా ఓటు ఒకే టేబుల్‌కే. పొద్దున, మధ్యాహ్నం విండ్‌జామర్ అనే బఫేలో తినేవాళ్లం. అక్కడ కూడా పప్పు, ఏదో ఒక కూర, అన్నం దొరికేవి. రుచి మధ్యరకం. నాన్నకి కాఫీ మాత్రం నచ్చలేదు, ఫిల్టర్ కాఫీ అలవాటైన నాలుకకి అది ఆనదు. టీ పొడి, పాలు, పంచదార కలిసిన ప్రీమిక్స్ ప్యాకెట్లు పట్టుకెళ్లాం, బఫేలో వేడినీళ్లు పట్టుకుంటే పని జరిగిపోయింది. ఎలక్ట్రిక్ కెటిల్, రైస్ కుక్కర్ లాంటివి ఓడలోకి రానివ్వరు, అవి సంచిలో పెట్టకండి. ఇంట్లో పెట్టిన ఆవకాయ కూడా నియమాల ప్రకారం కుదరదు. కంపెనీ సీలుతో ఉన్న చిరుతిళ్లకి ఇబ్బంది లేదు.

డబ్బు కట్టి తినే స్పెషాలిటీ రెస్టారెంట్లు చాలా ఉన్నాయి. వాటన్నిటికీ కలిపి అన్‌లిమిటెడ్ డైనింగ్ ప్యాకేజీ కూడా అమ్ముతారు. శాకాహారులకి అది దండగ అని గట్టిగా చెప్తాను. చాప్స్ గ్రిల్ అంటే స్టేక్ తినడానికి వెళ్లే చోటు. మనిషికి 60 డాలర్లు అటూఇటూ పెట్టి పుట్టగొడుగులూ బంగాళాదుంపలూ తినడంలో అర్థం లేదు. తమ్ముడూ మావారూ ఒక రాత్రి వెళ్లొచ్చారు, మాంసం బాగా చేశారని ఇద్దరూ మెచ్చుకున్నారు. తినేవాళ్లకైతే ఒకసారి వెళ్లదగ్గదే. పిల్లలకి నచ్చింది అర్ధరాత్రి దాటాక కూడా ఊరికే దొరికే సొరెంటోస్ పిజ్జా. దానికి దేనితోనూ పోటీ లేదు.

రేవుల్లో ఒక్క చోట మనసు కష్టపడింది. కోజుమెల్‌లో ఒక బీచ్ క్లబ్‌కి ముందే డబ్బు కట్టాం, తిండీ తాగుడూ అన్నీ కలిపి అన్నారు. తీరా వెళ్తే నీడలో కుర్చీలకి వేరే, తువ్వాళ్లకి వేరే. శాకాహారం అంటే చిప్స్, గ్వాకమోలే తప్ప ఏం లేదు. బీన్స్ ఉన్నాయి కానీ మెక్సికోలో వాటిని చాలాసార్లు పంది కొవ్వుతో వండుతారు. "సిన్ కార్నె, సిన్ మాంతెకా" అని అడిగితే మాంసం, కొవ్వు లేకుండా అని వాళ్లకి అర్థమవుతుంది. మేం అడిగితే ఆ వంటమనిషి నిజాయితీగా, కొవ్వు ఉంది అని చెప్పాడు, అమ్మ ముట్టుకోలేదు. ఒడ్డున దిగే రోజు బఫేలో కడుపునిండా తిని దిగడం మేలు. కోస్టా మాయాలో చక్చోబెన్ అనే చోట ఉన్న పాత మాయా నాగరికత కట్టడాల దాకా గంట సేపు బస్సు ప్రయాణం, చెట్ల మధ్య మెట్ల గోపురాలు చూసి నాన్న చాలా సంతోషించారు. నా మటుకు బీచ్ క్లబ్ డబ్బు కంటే ఆ డబ్బే సార్థకం.

పాస్‌పోర్టు సంగతి ఒక మాట. అమెరికా వీసా స్టాంపు గడువులో ఉంటే, లేదా గ్రీన్‌కార్డ్ ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. స్టాంపు గడువు దాటిన హెచ్1బీ వాళ్లు మాత్రం టికెట్ కొనకముందే క్రూజ్ కంపెనీని, లాయర్‌నీ అడగాలి. అమ్మానాన్నలకి ఓడలోని డాక్టర్ ఖర్చు కూడా కవరయ్యే ప్రయాణ బీమా తీసుకోండి.

ప్యాకేజీ కొనాలనే నిర్ణయానికి వస్తే ఓడెక్కాక కొనకండి, అప్పుడు ధర ఎక్కువ. ముందే వాళ్ల వెబ్‌సైట్‌లో కొని పెట్టుకోండి, తర్వాత తగ్గింపు వస్తే పాతది రద్దు చేసి కొత్త ధరకి కొనుక్కోవచ్చు. మరదలు రెండు వారాలకోసారి చూస్తూ అలాగే తగ్గించుకుంది. కోజుమెల్‌లో టకీలా కొనేవాళ్లకి ఒక కబురు: గాల్వెస్టన్‌లో దిగాక టెక్సాస్ మద్యం శాఖ వాళ్లు కౌంటర్ పెట్టుకుని ఉంటారు, తెచ్చిన సీసాలకి రాష్ట్రం పన్ను అక్కడే కట్టించుకుంటారు. సీసా చౌక అనుకునేటప్పుడు ఆ పన్ను కూడా కలిపి చూసుకోండి.