అరవైలో మొదలుపెట్టిన మగ్గం పని: చెక్క ఫ్రేమ్ మీద నా అనుభవం

రిటైరయ్యాక మగ్గం పని, అంటే ఫ్రేమ్‌కి గుడ్డ బిగించి కొక్కెం ఉన్న సూదితో కుట్టే ఎంబ్రాయిడరీ, నేర్చుకోవాలనుకునేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది సూదుల గురించి, పూసల గురించి. అవి తర్వాత కొనుక్కోవచ్చు, ముందు ఫ్రేమ్ సంగతి చూసుకోండి అంటాను. నెల్లూరులో బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాది చేయించుకున్న నాలుగు కాళ్ళ చెక్క ఫ్రేమ్ మీదే ఈనాటికీ కుడుతున్నాను. మా ఆవిడ జాకెట్లు, కోడలి చీర అంచు, మనవరాలి పట్టు పరికిణీ, అన్నీ దీని మీద తయారైనవే. చేత్తో ఒక వస్తువు చేయడంలో ఉన్న సుఖం నాకు అరవై ఏళ్ళకు తెలిసింది.

చాలామంది మొదట గుండ్రటి రింగ్ స్టాండ్ కొంటారు. చోటు తక్కువ పడుతుంది, చైన్ కుట్టు, ఆకులు, పువ్వులు ప్రాక్టీస్ చేయడానికి అది చాలు. జాకెట్ చేతుల దగ్గరికి వచ్చేసరికి ఇబ్బంది మొదలవుతుంది. రింగులో పట్టినంత మేర కుట్టి గుడ్డ జరపాలి, మళ్ళీ బిగించాలి. కుట్టిన పూసలు రింగు కింద నలుగుతాయి, పట్టు మీద గుండ్రంగా మడత పడుతుంది. చెక్క ఫ్రేమ్‌లో అయితే రెండు పొడుగు కర్రలకు గుడ్డ అంచులు కుట్టేసి, పక్క పట్టీల చిల్లుల్లో మేకులు దోపి లాగి నిలబెడతాం. మిగిలిన రెండు పక్కలా పురికొసతో లాగి కడతాం. వేలితో కొడితే గుడ్డ డప్పులా మోగాలి. వదులుగా ఉంటే సూదితో పాటు గుడ్డ కూడా కిందికి దిగుతుంది, పైకి తీసేటప్పుడు సూది కొక్కెం నేత పోగుల్ని పట్టుకుంటుంది. కొత్తవాళ్ళు సూది బాగాలేదని మారుస్తూ ఉంటారు. నేను చూసినంతలో చాలాసార్లు తేడా బిగింపులోనే.

మా వయసు వాళ్ళకు అంతకన్నా ముఖ్యమైనది ఎత్తు. కార్ఖానాల్లో పనివాళ్ళు కింద కూర్చుని కుడతారు. నా మోకాళ్ళు అందుకు ఒప్పుకోవు. అందుకని కాళ్ళు డైనింగ్ టేబుల్ ఎత్తున పెట్టించి, కుర్చీలో కూర్చుని కుడతాను. ఎడమ చెయ్యి గుడ్డ కింద ఉంటుంది కాబట్టి తొడకీ గుడ్డకీ మధ్య కనీసం జానెడు ఖాళీ ఉండాలి. వడ్రంగికి ఈ మాట ముందే చెప్పండి.

నాకు పని నేర్పిన, మా నెల్లూరు కోటమిట్ట కుర్రాడు మా అబ్బాయి కన్నా చిన్నవాడు. తాతల నాటి నుంచి వాళ్ళింట్లో జర్దోసి (జరీతో కుట్టే ఎంబ్రాయిడరీ) పనే. ఇది ఆడవాళ్ళ పని కదా అని నన్ను అడిగేవాళ్ళున్నారు గానీ, జర్దోసి కార్ఖానాల్లో తరాలుగా కూర్చున్నది ఎక్కువగా మగవాళ్ళే. ఆ కుర్రాడు మొదట చూపించింది సూది పిడికున్న చిన్న మర (స్క్రూ). మర ఎటు ఉంటే కొక్కెం కూడా అటే ఉండేలా బిగించుకోవాలి. కొక్కెం కంటికి ఆనదు, మర మాత్రం వేలికి ఎప్పుడూ తగులుతూ ఉంటుంది. కింద ఎడమ చెయ్యి దారాన్ని కొక్కేనికి చుడుతుంది, పైన కుడి చెయ్యి సూదిని కొంచెం తిప్పి పైకి తీస్తుంది. "సార్, కిందికి తొంగి చూడకండి, వేలికే తెలుస్తుంది" అనేవాడు. కొన్నాళ్ళకు నిజంగానే తెలిసింది. ఆ రోజు లేవబుద్ధి కాలేదు, ఒక తీగ డిజైనంతా అలాగే కుట్టుకుంటూ పోయాను.

కళ్ళద్దాల విషయంలో ఒక మాట. ప్రోగ్రెసివ్ అద్దాల్లో దగ్గరి చూపుకి పనికొచ్చేది కింది భాగమే, అందులోంచి గుడ్డ అంతా చూడాలంటే మెడ నొప్పి పుడుతుంది. దగ్గరి చూపుకి విడిగా ఒక జత చేయించుకున్నాక ఆ బాధ పోయింది.

ఇక మన వాతావరణం. నెల్లూరుకి వానలు ఎక్కువగా కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు చెక్క ఉబ్బి మేకులు చిల్లుల్లోంచి ఒక పట్టాన రావు. కొవ్వొత్తి మైనం రుద్దితే నయం. మామూలు జరీ రాగి తీగ మీద పూతే కాబట్టి తేమకు నల్లబడుతుంది. దారం ఉండల్ని మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి. కుట్టిన జాకెట్ మీద సెంటు కొట్టొద్దని మా ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను.

ఫ్రేమ్‌లో నాకు నచ్చనివి రెండే. గదిలో సగం ఆక్రమిస్తుంది. సగం కుట్టిన గుడ్డ ఉంటే విప్పి పక్కన పెట్టడానికీ మనసొప్పదు. రెండోది, కర్ర మరీ పొడుగైతే ఏళ్ళ తరబడి లాగి లాగి మధ్యలో వంగుతుంది, అక్కడ గుడ్డ వదులవుతుంది. నాది వేప కర్ర, ఒకసారి మార్పించాను. జాకెట్ల వరకే కుట్టేవాళ్ళకు మీటరున్నర కర్ర చాలు. తీసుకునే ముందు కర్రను కంటికెదురుగా పట్టుకుని వంపు ఉందేమో చూసుకోండి. మేకులు నాలుగు ఎక్కువే చేయించుకోండి, ముందు అరిగేవి అవే.